నూకరత్నం ఓర్పు

ఆ సోమవారం ఉదయం సుచరిత తన కొడుకును కొట్టింది.

వాడి పేరు అన్వేష్. రెండేళ్లు నిండి నాలుగు నెలలు. ఒలిచి ఇచ్చిన అరటిపండు వాడి చేతిలో మధ్యకు విరిగింది. విరిగినది వద్దన్నాడు. ఇంకోటి ఒలిచి ఇస్తే అదీ వద్దన్నాడు. వాడికి ఆ పండే కావాలి, విరగకుండా కావాలి. రెండు ముక్కలూ ఆనించి చూపిస్తే చేత్తో విసిరికొట్టి, నేలమీద వెల్లకిలా పడి, మడమలతో టైల్స్‌ని తంతూ అరవడం మొదలుపెట్టాడు. సుచరిత బతిమాలింది. ఫోన్‌లో బొమ్మలు పెట్టి చూపింది. బూచాడికి ఇచ్చేస్తానంది. తొమ్మిదింటికి ఆఫీసులో మీటింగు. గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది. వంగి వాణ్ని లేపబోతే ముక్కుమీద తన్నాడు. అప్పుడు చెయ్యి లేచింది.

తొడమీద నాలుగు వేళ్లూ తేలాయి. వాడు ఒక్క క్షణం నోరు తెరిచి నిశ్శబ్దంగా ఆమెను చూశాడు. తర్వాత ఏడ్చిన ఏడుపు ఇందాకటి ఏడుపు కాదు.

వంటింట్లో గిన్నెలు తోముతున్న నూకరత్నం చీర చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పాతికేళ్ల మనిషి. అరిలోవ కొండవాలులో ఉంటుంది. మద్దిలపాలెంలోని ఈ అపార్ట్‌మెంట్లో నాలుగిళ్లలో పని చేస్తుంది. అన్వేష్‌ని ఎత్తుకుని, బాల్కనీలో వాషింగ్ మిషన్ పక్కన చతికిలబడి ఒళ్లో వేసుకుంది. ఊరుకోమనలేదు, కాకిని చూపించలేదు. వాడు విల్లులా వెనక్కి వంగి గింజుకుంటే గింజుకోనిచ్చింది. జుట్టు పీకితే తల కొంచెం వంచింది. అంతే. నాలుగు నిమిషాలకు వాడి అరుపులు వెక్కిళ్లయ్యాయి. ఆరో నిమిషానికి ఆమె గాజులు లెక్కపెడుతున్నాడు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న సుచరిత మీటింగు సంగతి మరిచిపోయింది.

"ఏం చేశావు రత్నం?"

"ఏటీ సెయ్యనేదమ్మా. ఆడిది అయిపోయేదాక కూకున్నాను."

"నీకు విసుగు రాదా?"

"ఎందుకు రాదమ్మా? వొస్తాది. వొచ్చి పోతాది."

ఆ మాట సుచరితను రోజంతా వదల్లేదు. ఆమె ఋషికొండ దగ్గర ఒక వైద్య పరికరాల కంపెనీలో శాస్త్రవేత్త. మూర్ఛ రోగుల నరాలకు బయటి నుంచి చిన్న చిన్న సంకేతాలు పంపి, వచ్చే మూర్ఛను ముందే ఆపే పట్టీలు తయారు చేయడం ఆమె విభాగం పని. మెడ పక్కగా గుండెకు దిగే ఒక పెద్ద నరం ఉంటుంది. మనిషి రేగినప్పుడు మళ్లీ దారికి తెచ్చేది అదే. పసిపిల్లల్లో అది ఇంకా ఎదిగి ఉండదు. అందుకే వాళ్లు ఏడుపు మొదలుపెట్టగలరు కానీ ఆపలేరు. ఈ సంగతులన్నీ ఆమెకు పదిహేనేళ్లుగా తెలుసు. అయినా పొద్దున తన చెయ్యి ఆగలేదు, ఆ గిన్నెలు తోమే మనిషి ఊపిరి తొణకలేదు.

ఆ ఆదివారం లాబ్ నుంచి నాలుగు పట్టీలు తెచ్చింది. రెండు నూకరత్నానికి అతికించింది, రెండు అన్వేష్‌కి. వాడు మంకుపట్టు పట్టడానికి ఎంతోసేపు వేచి చూడనక్కర్లేకపోయింది. సాక్సు కుట్టు వేలికి తగిలిందని మొదలుపెట్టాడు. నూకరత్నం ఎత్తుకుంది. సుచరిత లాప్‌టాప్ తెర చూస్తూ కూర్చుంది. పిల్లవాడి గుండె గీత కొండకొమ్ముల్లా ఎగిరెగిరి పడుతోంది. నూకరత్నం గీత కూడా ఒకసారి లేచింది. లేచి, దానంతట అదే నిదానంగా దిగింది. కాసేపటికి పిల్లవాడి గీత ఆ దిగుడును పట్టుకుని, మెట్టుమెట్టుగా దానివెంట కిందికి వచ్చేసింది.

"దిగిపోయింది చూడు, దీన్ని పట్టుకుని దిగింది" అంది సుచరిత భర్తతో.

వంశీధర్ టీ కప్పు పట్టుకుని తెరవైపు చూశాడు. "అయితే ఎప్పుడూ రత్నాన్నే ఎత్తుకోమందామా?" అన్నాడు నవ్వుతూ.

"ఎత్తుకోకుండానే ఈ నిదానం వాడికి అందితే?" అంది సుచరిత.

*

మూర్ఛ పట్టీల సరంజామా అంతా సిద్ధంగానే ఉంది కనుక మూడు నెలల్లో పరికరం తయారైంది. దానికి 'ఊరట' అని పేరు పెట్టారు. పిల్లలకు చీలమండ దగ్గర మెత్తటి పట్టీ, చెవి వెనక గోరంత బిళ్ల. పెద్దవాళ్లకు రొమ్ముమీద జాకెట్ లోపల ఒక పట్టీ. పిల్లవాడు రేగగానే ఆ రేగుడు పెద్దవాళ్ల నరానికి చేరుతుంది. పెద్దవాళ్ల ఒళ్లు దాన్ని అణిచే పని మొదలుపెడుతుంది. ఆ అణిచే సంకేతమే తిరిగి పిల్లవాడికి అందుతుంది. ఒకే గదిలో ఉండాల్సిన పని లేదు, ఫోన్ పలికే చోట ఎక్కడున్నా చాలు.

మొదట తనమీదే పెట్టుకుని చూసింది సుచరిత. ఆమె ఒళ్లు పిల్లవాణ్ని అణచలేదు సరికదా, వాడి రేగుడు వచ్చి ఆమెను కూడా రేపింది. లాబ్‌లో ఇంకో ఆరుగురితో చూశారు. ఎవరూ నూకరత్నానికి దరిదాపుల్లో లేరు.

"ఆవిడనే పెట్టుకుందాం" అన్నాడు గిరిధర్. కంపెనీ డైరెక్టరు. మర్యాదగా, మెల్లగా మాట్లాడే మనిషి. "ఇళ్లలో పాచిపని మానేసి హాయిగా ఇక్కడ కూర్చుంటుంది. ఆవిడకీ మేలే కదండీ."

నూకరత్నం కాగితాలమీద వేలిముద్ర వేయనంది. సంతకం పెట్టింది, ఆరో తరగతి దాకా చదివిన అక్షరాలతో. "నాకు సదువు లేకపోయినా నా ఓర్పు సదువుకున్నోళ్లకి పనికొస్తందంటే మా అత్త నమ్మనేదమ్మా" అని నవ్వింది.

పట్టీ కట్టిన వారానికి, ఒక ఆదివారం సాయంత్రం సుచరిత, వంశీధర్ పిల్లవాణ్ని తీసుకుని బట్టలు కొనడానికి వెళ్లారు. దుకాణం గుమ్మంలోనే ఎర్రబస్సు బొమ్మ ఉంది. అన్వేష్ ఆగిపోయాడు. బస్సు కావాలన్నాడు. వద్దంది సుచరిత. వాడి పెదవులు వణికాయి, నోరు తెరుచుకుంది, పిడికిళ్లు బిగిశాయి. చీలమండ పట్టీమీద చిన్న పచ్చదీపం వెలిగింది. వాడు తెరిచిన నోరు మూశాడు. ఊపిరి ఒకటి పీల్చాడు.

"సరే" అన్నాడు.

వంశీధర్ నమ్మలేనట్టు భార్యను చూశాడు. సుచరిత కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతోనే. ఆ సంతోషంలో ఒకటి చూసీ చూడనట్టు వదిలేసింది. సరే అన్నాక పిల్లవాడు బస్సు వైపు చూడలేదు. ఎవరో పిలిచినట్టు అటూ ఇటూ తల తిప్పి వెతికాడు.

మర్నాడు లాబ్‌లో నూకరత్నం అంది: "నిన్న పొద్దుగూకేటప్పుడు బాబు ఏదో అడిగినాడు కదమ్మా. గట్టిగానే అడిగినాడు."

"నీకు తెలిసిందా?"

"అదేటో తెల్దు. కడుపులో మంటొచ్చి గుండెల్లోకెక్కింది. కుళాయికాడ లైన్లో ఉన్నాను. బిందె దింపీసి మెట్టుమీద కూకున్నాను. ఊపిరి లాగితే దిగింది."

"కష్టంగా ఉందా?"

"బిడ్డ ఏడిస్తే ఏ ఆడదానికైనా కడుపులో అలగే ఉంటాది కదమ్మా."

*

రెండో నెలలో ముగ్గురు పిల్లలు. మూడో నెలలో ఎనిమిది మంది. అందరూ కంపెనీ ఉద్యోగుల పిల్లలు, రెండు మూడేళ్ల వాళ్లు. ఒకామె కూతురు స్నానమంటే ఇల్లు ఎగరగొట్టేది. ఇంకొకామె కొడుకు మాట వినకపోతే ఊపిరి బిగబట్టి నీలంగా మారేవాడు. ఇప్పుడు ఆ ఇళ్లు సద్దుమణిగాయి. తల్లులు కాంటీన్‌లో సుచరిత చేతులు పట్టుకునేవాళ్లు. "నేను వాడిమీద అరిచి ఎన్నాళ్లయిందో" అంది ఒకామె, ఏడ్చినంత పని చేస్తూ.

సుచరిత ఇల్లూ అలాగే ఉంది. అన్వేష్ పెట్టింది తింటున్నాడు, తొడిగింది తొడుక్కుంటున్నాడు. ప్లేస్కూల్లో టీచరు 'బుద్ధిమంతుడు' అని చేతిమీద నక్షత్రం అంటించి పంపుతోంది.

నూకరత్నానికి లాబ్‌లో ఒక గది ఇచ్చారు. మెత్తటి కుర్చీ, టీవీ, కిటికీలోంచి సముద్రం. పొద్దున ఎనిమిదికి వచ్చేది. సాయంత్రం ఇంటికి పోయినా పట్టీ ఉంచుకునేది, ఎందుకంటే పిల్లల పేచీలు సాయంత్రమే ఎక్కువ. ఇంటి దగ్గర ఆమె కూతురు జాహ్నవిని అత్త అప్పలకొండ చూసుకునేది. జానూకి అప్పుడే రెండేళ్లు వస్తున్నాయి. భర్త పారాదీప్‌లో బోట్లమీద పని, మూడు నెలలకోసారి వస్తాడు.

మూడో నెలాఖరున సుచరిత ఒక గీత గమనించింది. ఒక్కో పేచీ అణిచాక నూకరత్నం ఒళ్లు మళ్లీ మామూలు నిదానానికి రావడానికి ఎంతసేపు పడుతోందో చూపే గీత అది. మొదట్లో నాలుగు నిమిషాలు. తర్వాత పదకొండు. ఇప్పుడు నలభై. అంతలోపే ఇంకో పిల్ల రేగుతోంది.

ఇన్నాళ్లూ వాళ్లనుకున్నది ఒకటి. పెద్దవాళ్ల నిదానాన్ని పిల్లల ఒళ్లు చూసి రాసుకుంటుందని. పక్కవాడి పలకలో చూసి రాసుకుంటే ఆ పలకలో అక్షరాలు చెరిగిపోవు కదా. కానీ ఇక్కడ చెరుగుతున్నాయి. బిడ్డను ఎత్తుకున్న మనిషి బిడ్డ వెచ్చదనం నుంచి, తలకాయ బరువు నుంచి, చివరికి ఆ బిడ్డ నవ్వు నుంచి తనదేదో తిరిగి నింపుకుంటుంది. ఈ పట్టీలో అటువైపు నుంచి వచ్చేది మంట ఒక్కటే.

సుచరిత గిరిధర్ గదికి వెళ్లింది. కాగితం చూపించింది. అతను శ్రద్ధగానే చూశాడు.

"ఆవిడ ఏమన్నా చెప్పిందా? ఒంట్లో బాగాలేదనో, మరొకటో?"

"లేదు. కానీ పిల్లల్ని సగానికి తగ్గించాలండీ. రాత్రిళ్లు పట్టీ తీసేయాలి."

"తగ్గిద్దాం. పరీక్ష ఇంకా తొమ్మిది వారాలే కదా. మధ్యలో మారిస్తే ఇప్పటిదాకా వచ్చిందంతా పనికిరాకుండా పోతుంది, మీకు తెలియంది కాదు. అయ్యాక ఆవిడకి మంచి విశ్రాంతి ఇద్దాం."

ఆమె తిరిగి వస్తూ నూకరత్నం గదిలోకి తొంగిచూసింది. టీవీ నడుస్తోంది. నూకరత్నం టీవీ చూడటం లేదు, సముద్రమూ చూడటం లేదు.

"అలసటగా ఉందా రత్నం?"

"తింటన్నాను. తొంగుంటే నిద్ర పడతంది. కానీ..."

"కానీ?"

"ఏటీ నేదమ్మా."

సుచరిత రెండోసారి అడగలేదు. ఎందుకు అడగలేదో ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం ఇంట్లో వంశీధర్ అక్కావాళ్లు భోజనానికి వస్తున్నారు. అన్వేష్ కుదురుగా కూర్చుని వాళ్లతోపాటు తినాలి.

*

అయిదో నెలలో, ఒక గురువారం మధ్యాహ్నం నూకరత్నం సెలవు పెట్టి ఇంటి దగ్గరే ఉంది. పట్టీ మాత్రం ఉంచుకుంది. ఒంటిగంటన్నరకు ఆమె ఫోన్ నుంచి సుచరితకు ఫోన్ వచ్చింది. మాట్లాడింది అప్పలకొండ.

"అమ్మా, మీరు ఒకపాలి ఆస్పత్రికి రావాలి. గుంటకి సెయ్యి ఇరిగింది."

ఆస్పత్రి వరండాలో బెంచీమీద అప్పలకొండ ఒళ్లో జానూ పడుకుని ఉంది. మోచేతి పైనుంచి మణికట్టు దాకా సిమెంటు కట్టు. ముఖం వాచి ఉంది. నిద్రలోనే వెక్కుతోంది. నూకరత్నం బెంచీకి నాలుగడుగుల దూరంలో గోడకానుకుని నేలమీద కూర్చుంది. ఎవరూ ఆమెను అక్కడ కూర్చోమనలేదు. దగ్గరికి వస్తే పిల్ల కళ్లు తెరిచి అరుస్తోందట.

"పడిపోయిందా?" అంది సుచరిత.

అప్పలకొండ కోడలి వైపు చూసింది.

"నేదమ్మా" అంది నూకరత్నం. "నానే."

చెప్పడం మొదలుపెట్టాక ఆగకుండా చెప్పింది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. ఉతికి దండెం మీదేసిన పచ్చ గౌను కావాలంది జానూ. తడిగా ఉంది, ఆరాక వేస్తానంది తను. తడిదే కావాలంది. సరేనని తడిదే తొడగబోతే చల్లగా ఉందని వద్దంది. తీసేస్తే మళ్లీ కావాలంది. మట్టిలో పడి దొర్లింది. అన్నం గిన్నె తన్నేసింది.

"గుంటలందరూ సేసే పనే కదమ్మా. నాను కూకున్నాను. వొచ్చి పోతాదిలే అని. దానిది కాదు, నాది. నా ఇసుగు వొచ్చి పోవాల కదా. పోనేదు. ఊపిరి లాగినాను. లోపల ఏటీ నేదు. నుయ్యెండిపోతే బొక్కెన అడుగు రాయికి తగుల్తాది సూడండి, అలగ. ఇంకా ఏడుస్తంది. సెయ్యట్టుకుని లాగి మంచంమీదకి ఇసిరీసినాను. అది మంచంమీద పడనేదు."

"నెల్లాళ్ల నుంచి సూస్తన్నానమ్మా" అంది అప్పలకొండ మెల్లగా. "పిల్ల ఏడుస్తుంటే రాయిలాగ కూకుని గోడకేసి సూసేది. ఏటే అంటే పలికేది కాదు. పెళ్లయి వొచ్చిన కాడినుంచి ఈ మనిషి గట్టిగా మాటాడ్డం నాను ఇననేదు. మీరు దీన్ని ఏటి సేసినారమ్మా?"

కోపంగా అడగలేదు. తెలియక అడిగింది. సుచరితకు తెలుసు.

ఆస్పత్రి నుంచి తిన్నగా లాబ్‌కి వెళ్లి ఆ మధ్యాహ్నపు గీతలు తీసి చూసింది. పన్నెండూ నలభైకి ముగ్గురు పిల్లలు ఒకేసారి రేగారు. ఒకరు అన్నం దగ్గర, ఒకరు నిద్ర దగ్గర. మూడోవాడు అన్వేష్. ప్లేస్కూల్లో ఎవరో వాడి నీళ్లసీసా లాక్కున్నారట. టీచరు ఫోన్‌లో సంతోషంగా చెప్పింది: "అస్సలు గొడవ చేయలేదండీ. ఆ పిల్లవాడు తాగి ఇచ్చేదాకా అలా నిలబడ్డాడు."

నూకరత్నం గీత నిట్టనిలువుగా లేచిందీ, జానూ చెయ్యి విరిగిందీ పన్నెండూ నలభై నాలుగుకు.

*

అదే సాయంత్రం సుచరిత కత్తెరతో కొడుకు చీలమండ పట్టీ కత్తిరించింది. మర్నాడు నూకరత్నం పట్టీ తీసేసింది. మిగతా ఏడుగురు పిల్లల తల్లులకు తనే ఫోన్ చేసి చెప్పింది. ఇద్దరు ఏడ్చారు. ఒకామె, "వేరే ఎవరినైనా పెట్టొచ్చు కదండీ" అంది.

గిరిధర్ ఆస్పత్రి బిల్లు కంపెనీయే చూసుకుంటుందన్నాడు. నిజంగా బాధపడ్డాడు. "ఒక్క మనిషిమీద ఎనిమిది మందిని పెట్టడం మన పొరపాటు. వంతులు వేయాలి. పూటకి నాలుగు గంటలు, మనిషికి ఇద్దరు పిల్లలు. అప్పుడు ఈ ఇబ్బంది రాదు."

"ఆవిడ నిదానం తిరిగొస్తుందో రాదో తెలియకుండానా?"

"విశ్రాంతి ఇస్తే వస్తుంది. ఎందుకు రాదండీ?"

రాలేదు. రెండు నెలలపాటు వారం వారం నూకరత్నాన్ని పరీక్షించింది సుచరిత. నలభై నిమిషాల గీత ముప్పై ఎనిమిదికి దిగింది, అక్కడే ఉండిపోయింది. మందులు ఇస్తే నిద్రపోయేది. లేస్తే మళ్లీ అంతే. సుచరిత అంతా వివరంగా రాసి, ఇలాంటి పరీక్షలను చూసే నైతిక కమిటీకి పంపింది. ఆరు వారాలకు జవాబు వచ్చింది. గాయం కంపెనీ ఆవరణలో జరగలేదు, కుటుంబ పరిస్థితులు కూడా కారణమై ఉండవచ్చు, ఇకమీదట వంతుల పద్ధతి పాటించాలి. ఆ కాగితం చదివిన రోజే ఆమె ఉద్యోగం మానేసింది. ఆమె మానేస్తే పని ఆగలేదు. ఇప్పుడు ఋషికొండ దగ్గర ఒక హాల్లో పద్నాలుగు మంది ఆడవాళ్లు నాలుగేసి గంటలు కూర్చుంటున్నారని విన్నది. నోటిమాటమీదే ఇంకో నలభై మంది వస్తామన్నారట. చాలామంది పసిబిడ్డల తల్లులే. పరీక్షలో వాళ్ల గీతలే బాగుంటాయి.

ఇంట్లో అన్వేష్‌కి మూడేళ్లు నిండాయి. పట్టీ తీసిన మూడో రోజు, చెప్పు ఎడమది కుడికాలికి వెళ్లలేదని రేగాడు. రెండేళ్లప్పుడు వాడి ఏడుపుకు ఒక చివర ఉండేది. ఇప్పుడు చివర లేదు. గంటంబావు అరిచాడు. తన చేతిని తనే రక్తం వచ్చేలా కొరుక్కున్నాడు. తోటిపిల్లలు ఆ అయిదు నెలల్లో పడీ లేచీ, ఏడ్చీ ఊరుకుని నేర్చుకున్నదేదీ వీడు నేర్చుకోలేదు. వీడి బదులు ఇంకొకరు ఊరుకున్నారు. మధ్యమధ్యలో అరుపు ఆపి చీలమండ తడుముకునేవాడు. అక్కడ ఏమీ లేదని తెలిసి మళ్లీ అందుకునేవాడు.

"ఆ హాల్లో వాళ్లు అంత జాగ్రత్తగా చేస్తున్నారంటున్నారు కదా" అన్నాడు వంశీధర్ ఒకరోజు. అతని చొక్కా చింపేశాడు పిల్లవాడు, మెడమీద గోళ్ల గీతలు. "కొన్నాళ్లు మళ్లీ పెడితే..."

"ఎవరి చెయ్యి విరగాలి వంశీ?"

అతను పిల్లవాడి పక్కనే నేలమీద కూర్చున్నాడు. సుచరిత ఇంకో పక్క కూర్చుంది. కూర్చోవడం తప్ప ఇద్దరికీ ఏమీ చేతకాలేదు. అది కూడా సరిగ్గా చేతకాలేదు. పదిహేను నిమిషాలకే ఆమె పళ్లు బిగుసుకునేవి.

*

జానూ చెయ్యి విరిగిన ఆరునెలలకు ఒక మధ్యాహ్నం సుచరిత అరిలోవ కొండ ఎక్కింది. సంచీలో తన దగ్గర మిగిలిన రెండు పట్టీలున్నాయి, ఒక బిస్కెట్ పాకెట్టు ఉంది.

నూకరత్నం ఇంటి ముందు వరండాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. చిక్కిపోయింది. ఇళ్లలో పనికి వెళ్లడం లేదు. పిల్లలున్న ఇళ్లకి తనే వెళ్లనంటోందట. కూతురితో ఒకే ఇంట్లో ఉంటోంది కానీ ఒంటరిగా ఉండదు. అత్త కుళాయికి వెళ్లాల్సి వస్తే పిల్లను చంకనేసుకునే వెళ్తుంది. ఆ ఏర్పాటు నూకరత్నమే చేసుకుంది.

"బాబు బాగున్నాడా అమ్మా?"

"అరుస్తున్నాడు."

"అరవనీయండి. మీదకొస్తే మాత్రం సెయ్యెత్తకండి."

సుచరిత సంచీలోంచి పట్టీలు తీసింది. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు తడబడుతూ చెప్పింది. పిల్లల పట్టీని నూకరత్నం పెట్టుకుంటుంది, పెద్దవాళ్ల పట్టీ సుచరిత. ఈసారి ఇటునుంచి అటు. సుచరిత దగ్గర పెద్దగా ఏమీ లేకపోవచ్చు. ఉన్నంతలో రోజుకో గంట.

నూకరత్నం విని, తల అడ్డంగా ఆడించింది.

"మీకాడ ఉన్నదేటో మీ బాబుకెట్టండమ్మా. ఆడికి తల్లి మీరొక్కలే."

"నీకు నేను చేసింది..."

"నాకు సేసింది సరే. ఇటు సూడండి." ఇంట్లోకి తిరిగి పిలిచింది. "జానూ, ఇలగ రాయే."

జానూ వచ్చింది. చెయ్యి అతుక్కుంది, కొంచెం వంకర ఉంది. శుభ్రంగా తలదువ్వి ఉంది. నాయనమ్మ కొంగు పట్టుకుని, తల్లికి రెండడుగుల దూరంలో ఆగింది. సుచరిత బిస్కెట్ పాకెట్టు విప్పి రెండు చేతుల్లో రెండు పెట్టింది. పిల్ల తీసుకుంది. తినలేదు, పట్టుకుని నిలబడింది.

"రెండున్నరేళ్లమ్మా దీనికి" అంది నూకరత్నం. "పేచీ పెట్టదు. గౌను ఏదేస్తే అదే. అన్నం ఎంతెడితే అంతే. అంగన్‌వాడీ టీచరు అందరికీ సూపిస్తాది, జానూలాగ ఉండాలి అని."

అప్పలకొండ ముఖం పక్కకు తిప్పుకుంది.

నూకరత్నం చెయ్యి చాపి కూతురి కుడిచేతిలోని బిస్కెట్టు లాక్కుంది. మెల్లగా కాదు, గుంజుకుంది. గుంజుకుని పిల్ల ముఖంలోకి చూస్తూ ఆగింది. ఆ ఆగడంలో ఎంత ఆశ ఉందో సుచరితకు కనబడింది. ఏ రెండేళ్ల పిల్లయినా ఆ పాటికి నేలమీద పడి కొండంతా వినబడేలా అరవాలి. కాళ్లు తన్నుకోవాలి.

జానూ కాసేపు తల్లి చేతివైపు చూసింది. తర్వాత ఎడమచేతిలో ఉన్న బిస్కెట్టు కూడా ముందుకు చాపి ఇచ్చేసింది.

"ఏడవే" అంది నూకరత్నం. రెండు బిస్కెట్లూ మళ్లీ పిల్ల చేతుల్లో పెట్టింది. "ఒక్కపాలి ఏడవే తల్లీ. నానేటీ అననే నిన్ను. నాయనమ్మ ఉంది కదే."

జానూ ఏడవలేదు. గుమ్మం పక్కన మఠం వేసుకుని కూర్చుంది. రెండు బిస్కెట్లూ ఒళ్లో పెట్టుకుని, తినమని ఎవరైనా చెబుతారేమోనని నాయనమ్మ ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.